పాలక వర్గం పనితీరు: మా సంఘం అనుభవం

(గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాలకు కొత్తగా ఎన్నికైన డైరెక్టర్ల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



"పాలక వర్గ సభ్యుల హక్కులు, బాధ్యతలు" అనే విషయంపై మాట్లాడవలసిందిగా మమ్మల్ని కోరారు. హక్కులూ, బాధ్యతలూ బైలాలలో అచ్చయి ఉన్నాయి. ఆ పుస్తకం ప్రతి సంఘానికీ అందింది. చాలా సంఘాలలో అది బీరువాలో భద్రంగా ఉన్నది కూడా. దానిని ఇక్కడ చదివి వినిపిస్తే మీకు కునుకు తప్ప మరొక లాభం కలుగదు. అందువల్ల మా సంఘం పాలక వర్గం ఒకప్పుడు ఎట్లా నడిచిందో, ఎక్కడ దారి తప్పిందో, తరువాత మేము ఏమి చేశామో చెప్పదలచుకొన్నాము. మేము అంటున్నది మా తొమ్మిదిమందినీ కలిపి. తప్పు జరిగిన రోజులలో ఇప్పుడు మాట్లాడుతున్న మనిషి సంతకం కూడా ఆ పుస్తకంలో ఉన్నది. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

అసలు కథలోకి వెళ్ళేముందు ఒక్క విషయం. డైరెక్టరుకు విడిగా అధికారం లేదు. అందరికీ నోటీసు వెళ్ళి, కోరం కూడి, కాగితాలు ముందు పెట్టుకొని, చర్చించి, తీర్మానం రాసుకొన్న ఆ గంట సేపే పాలక వర్గం ఉంటుంది. సమావేశం ముగిసి చెప్పులు తొడుక్కొన్న తరువాత డైరెక్టరు మళ్ళీ వరుసలో నిలబడి పాలు పోసే మామూలు సభ్యుడే. బైలా ప్రత్యేకంగా అప్పగించిన పనులను మినహాయిస్తే అధ్యక్షుని సంగతీ అంతే. ఈ మాట ఊళ్ళో తొందరగా మింగుడుపడదు. ఎన్నికైన మర్నాడే పాల కేంద్రం దగ్గర కుర్చీ వేయించుకొని కూర్చొన్నవారిని మేము ఎరుగుదుము. మేమూ కూర్చొన్నాము.

ఇక కథ. యంత్రాలు ఇంకా రాని రోజులు. ప్రతి పూటా శాంపిలు తీసి, గెర్బర్ పద్ధతిన వెన్న శాతం చూసి, కార్యదర్శి చేత్తో కార్డు మీద రాసేవాడు. మా ఊళ్ళో ఒక సభ్యురాలు ఉండేది. భర్త పోయిన తరువాత ఆస్తి పంపకాలైనాయి గాని, మంచి పాడి గేదె ఒకటి పంచుకోవడానికి వీలుకాక ఉమ్మడిగా ఉండిపోయింది. పొద్దుటి పూట పాలు ఆమెవి, సాయంత్రం పూట పాలు ఆమె బావగారివి. మేపడం, పితకడం అంతా ఆమే చూసేది. రెండు పూటలా కేంద్రానికి క్యాను మోసుకొచ్చేది ఆమె కొడుకు. ఆ బావగారు మా పాలక వర్గంలో డైరెక్టరు.

ఆమె కార్డు మీద వెన్న 6.2, 6.3 దాటేది కాదు. ఆయన కార్డు మీద 7కు తగ్గేది కాదు. ఒక రోజున ఆమె అధ్యక్షుల వారి అరుగు దగ్గరకు వచ్చి అడిగింది. గేదె ఒకటే, మేత ఒకటే, ఇంత తేడా ఎందుకు వస్తుందండీ అని. కార్యదర్శిని పిలిపించాము. అతను చెప్పిన జవాబు శాస్త్రానికి సరిపోయినదే. రాత్రి పొడుగున పొదుగులో నిండిన పాలకంటె పగటి పూట తక్కువ వ్యవధిలో నిండిన సాయంత్రం పాలలో వెన్న సాధారణంగా కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఆ మాట విని మేము తృప్తి పడ్డాము. "విన్నావుగా అమ్మా" అన్నాము. ఆమె విన్నది. ఏమీ అనకుండా వెళ్ళింది.

వారం తిరిగాక మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు కార్డులూ తెచ్చింది. ఆ ఏడు రోజులూ పిల్లవాడి చేతికి కార్డులు మార్చి ఇచ్చి పంపిందట. పొద్దుటి పాలు బావగారి కార్డు మీద, సాయంత్రం పాలు తన కార్డు మీద. ఆయన కార్డులో అవే 7.0, 7.1. ఆమె కార్డులో అవే 6.2, 6.3.

"పాలు మార్చాను గాని వెన్న మారలేదండి. అది కార్డుకే అంటుకొని ఉంది" అన్నది.

అరుగు మీద ఉన్న అయిదుగురమూ ఒకరి మొహం ఒకరు చూసుకొన్నాము. ఆ అయిదుగురి కార్డులూ అప్పటికప్పుడు ఇళ్ళ నుంచి తెప్పించుకొని చూసే ధైర్యం మాకు ఆ రోజు కలగలేదు. మర్నాడు ఎవరికి వారు చూసుకొన్నాము. ఎవరి కార్డూ 7కు తక్కువ లేదు.

రాత్రికి రాత్రి సమావేశం వేసి, కార్యదర్శిని తీసివేయాలని నిర్ణయించుకొన్నాము. ఆ పూట యూనియన్ సూపర్‌వైజరు ఊళ్ళోనే ఉండటం మా అదృష్టం. ఆయన కోపగించుకోలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. తీర్మానాల పుస్తకం ఒకసారి ఇవ్వండి అన్నాడు. ఇచ్చాము. వెనక్కి 11 నెలలు తిప్పాడు. ప్రతి నెలా ఒకే వాక్యం. "జమా ఖర్చులు చదివి వినిపించగా సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." కింద తొమ్మిది సంతకాలు. నీలం సిరా ఒకటి, నలుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి.

"ఒకే సమావేశంలో ఇన్ని కలాలా?" అని అడిగాడు.

అసలు సంగతి ఏమిటంటే ఆ 11 నెలలలో మేము కూర్చొన్నది రెండుసార్లో, మూడుసార్లో. మిగతా నెలలలో శాంపిళ్ళు కడిగే కుర్రవాడు పుస్తకాన్ని సైకిలు సంచిలో పెట్టుకొని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకొని వచ్చేవాడు. ఒకరు కళ్ళం దగ్గర పెట్టారు, ఒకరు భోజనం ముందు పెట్టారు. మాలో ఒకరు పుస్తకం తెరవకుండానే, కుర్రవాడు వేలు పెట్టి చూపించిన చోట పెట్టారు. పాలక వర్గం లేనే లేదు. సంతకాలు ఉన్నాయి.

కార్యదర్శిని పిలిచి అడిగితే దాచకుండా చెప్పాడు. వెన్న పెంచి రాయమని అతన్ని ఎవరూ అడగలేదట. కొన్నేళ్ళ క్రితం ఒక డైరెక్టరు గారికి ఒక పూట తక్కువ వస్తే, కేంద్రం ముందు నలుగురిలో కేకలు వేశారట. మర్నాటి నుంచి అతను డైరెక్టర్ల కార్డులు చూసి మరీ రాయడం మొదలుపెట్టాడు. ఎక్కువ రాసినదానిని ఎక్కడో ఒకచోట పూడ్చాలి కదా. గట్టిగా అడగలేని వాళ్ళ దగ్గర తలా కొంచెం తగ్గించాడు.

ఇక్కడ మీరు ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఊళ్ళో రాసిన సగటు వెన్న, డెయిరీలో మన క్యాన్లకు వచ్చిన వెన్న, ఈ రెండూ పోల్చి చూసుకోమని యూనియన్ వారు ఎప్పుడూ చెబుతుంటారు. అది చాలా అవసరమైన పని. ఊరి సగటు ఎక్కువగా ఉండి డెయిరీలో తక్కువ వస్తే సంఘానికి నష్టం. ఊరి సగటు బాగా తక్కువగా ఉండి డెయిరీలో ఎక్కువ వస్తే సంఘం లెక్కలో మిగులు కనిపిస్తుంది గాని, అది పాలు పోసినవారి డబ్బు. ఈ రెండూ మేము నెలనెలా చూసుకొనేవాళ్ళమే. మా సంఘంలో రెండూ దాదాపు సరిపోయేవి. అందుకే మాకు అనుమానం రాలేదు. పెంచినదీ, తగ్గించినదీ ఒకదానికొకటి చెల్లిపోతే సగటు నిజమే పలుకుతుంది. సగటు లోపల ఒకరి గిన్నెలోది మరొకరి గిన్నెలోకి పోతున్నదని అది చెప్పదు.

ఎంత పోయింది అంటారా? రోజుకు 5 కిలోల పాలు పోసే మనిషికి 0.8 శాతం తగ్గించి రాస్తే 40 గ్రాముల వెన్న. నెలకు 1,200 గ్రాములు. కిలో వెన్నకు మీ సంఘంలో ఎంత కట్టి ఇస్తున్నారో మీకు తెలుసు. హెచ్చించి చూసుకోండి. ఒక్క గేదెలో సగం పొత్తుతో సంసారం నడుపుకొనే ఇంటికి అది పిల్లవాడి పుస్తకాల డబ్బు.

కార్యదర్శిని మేము తీసివేయలేదు. ముందుగా రాతపూర్వకంగా సంజాయిషీ అడిగి, అది వచ్చాక మళ్ళీ కూర్చొన్నాము. ఆ అంశం వచ్చినప్పుడు బావగారిని బయట కూర్చోమన్నాము. మిగిలిన ఎనిమిదిమందిలో అయిదుగురు ఉంచాలన్నారు, ముగ్గురు తీసివేయాలన్నారు. ఆ ముగ్గురి పేర్లూ, వారు చెప్పిన కారణమూ పుస్తకంలో రాశాము. మా పుస్తకంలో "ఏకగ్రీవంగా" అనే మాట లేకుండా రాసిన మొదటి తీర్మానం అదే. తీసివేయవలసిందని ఈనాటికీ మాలో కొందరు అనుకొంటారు. కేకలు వేసినది మనమైనప్పుడు, భయపడినవాడిని ఒక్కడినే పంపించి చేతులు కడుక్కోవడం మాకు నచ్చలేదు.

తరువాత సర్వసభ్య సమావేశం పెట్టి, జరిగినది జరిగినట్టు చదివాము. అంత కష్టమైన గంట మా జీవితంలో మరొకటి లేదు. వెనకటి నష్టం ఎవరికి ఎంతో లెక్క కట్టమన్నారు. కట్టలేకపోయాము. కారబోసిన శాంపిలును తిరిగి ఎట్లా పరీక్షిస్తాము? చివరకు ఆ ఏడాది డైరెక్టర్లందరూ తమ బోనసు వదులుకోవాలనీ, అది మిగతా సభ్యులకు పాల విలువను బట్టి పంచాలనీ సభ తీర్మానించింది. ఇద్దరు డైరెక్టర్లు రాజీనామా ఇచ్చారు. కొన్ని ఇళ్ళవారు ప్రైవేటు వెండరుకు పోయడం మొదలుపెట్టారు. వారిలో కొందరు ఈనాటికీ తిరిగి రాలేదు. బావగారు తనకేమీ తెలియదన్నారు. అది నిజమేనని మా నమ్మకం. అయినా ఒక ఈత కాలం పాటు ఆయన పాలు సంఘానికి రాలేదు. ఆమెను మీకేం కావాలమ్మా అని సభలో అడిగితే, తన పేరు, తను చెప్పిన మాట పుస్తకంలో రాయమన్నది. రాశాము.

ఇక మేము మార్చుకొన్న పద్ధతుల గురించి. అన్నిటికంటె ముందు పుస్తకం గది దాటకూడదని తీర్మానించాము. ప్రతి నెలా ఒకే తేదీ, ఒకే చోటు. రాలేని డైరెక్టరు పేరు "రాలేదు" అనే రాస్తాము. కోరం లేకపోతే "కోరం లేనందున వాయిదా" అని రాసి, వచ్చినవారు సంతకం చేస్తారు. అట్లాంటి పేజీలు మా పుస్తకంలో ఉన్నాయి. ఆడిటరు వాటిని చూసి తప్పు పట్టలేదు.

రెండోది, శాంపిలు సీసా మీద సభ్యుని నంబరు వేయడం మానేశాము. పాలు కొలిచే మనిషి వరుస క్రమంలో 1, 2, 3 అని వేసి, ఏ వరుస ఎవరిదో తన పుస్తకంలో రాసుకొంటాడు. పరీక్ష చేసేవాడికి వరుస నంబరు ఒక్కటే కనిపిస్తుంది. పరీక్ష అయ్యాక రెండు పుస్తకాలూ కలిపి కార్డులు రాస్తారు. నెలలో రెండు పూటలు, ముందుగా చెప్పకుండా, వంతుల ప్రకారం ఇద్దరు డైరెక్టర్లు వెళ్ళి కొన్ని సీసాలు తీసి తిరిగి పరీక్ష చేయిస్తారు. 10 మిల్లీలీటర్ల ఆసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు. ఈ కొలత డైరెక్టరుకు కూడా తెలిసి ఉండాలి. తెలియకపోతే పక్కన నిలబడి ఏమి చూస్తాడు?

మూడోది మాకు అన్నిటికంటె కష్టమైనది. పాల క్యాను దగ్గర ఏ డైరెక్టరూ కార్యదర్శికి ఆజ్ఞ ఇవ్వకూడదు. ఫిర్యాదు ఉంటే మిగతా సభ్యుల లాగానే ఫిర్యాదు పుస్తకంలో రాయాలి. దాణా అరువు ఇవ్వమనడం, కేంద్రం దగ్గర అమ్మిన పాల డబ్బులో నుంచి చేబదులు అడగడం, పెళ్ళికి క్యాన్లు పంపమనడం, ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి. కార్యదర్శి జీతానికి పనిచేసే ఉద్యోగి. అతని యజమాని పాలక వర్గం. తొమ్మిదిమంది విడివిడి యజమానులు అతనికి లేరు.

ఈ సందర్భంలో ఆనందు సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1946 జనవరిలో సమర్ఖా గ్రామంలో ఖేడా జిల్లా రైతులు సమావేశమై, బొంబాయికి పాలు పంపే గుత్త హక్కు పొందిన పోల్సన్ కంపెనీకి ఇక పాలు పోయరాదని నిర్ణయించుకొన్నారు. ఆ సమ్మె 15 రోజులు నడిచింది. ఆ సంవత్సరమే డిసెంబరు 14న యూనియన్ రిజిస్టరయింది. ఈ కథ అందరూ చెబుతారు. మనం చూడవలసిన భాగం దాని తరువాతది. 1949లో ప్రభుత్వ క్రీమరీలో ఉద్యోగిగా ఆనందుకు వచ్చిన కురియన్ గారు త్వరలోనే యూనియన్ మేనేజరయ్యారు. అధ్యక్షులు త్రిభువన్‌దాస్ పటేల్ గారు గ్రామాలు తిరిగి సంఘాలు పెట్టించి, సభ్యుల నమ్మకం నిలబెట్టారు. యంత్రాలు, అమ్మకాలు, రోజువారీ పనులు మేనేజరు చేతిలో ఉంచారు. ఏమి చేయాలో చెప్పేది, జరిగిందా లేదా అని అడిగేది బోర్డు. చేసేది ఉద్యోగి. మన రాష్ట్రంలో 1981లో డెయిరీ సహకార సమాఖ్య ఏర్పడినప్పుడు గ్రామ సంఘం, జిల్లా యూనియన్, సమాఖ్య అనే మూడంతస్తుల ఏర్పాటును మనం ఆనందు నుంచే తెచ్చుకొన్నాము. అంతస్తులు తెచ్చుకోవడం సులువే. ఈ పని విభజనను ఊరిదాకా దింపడానికి మా సంఘానికి మాత్రం ఒక విధవరాలి రెండు కార్డులు కావలసి వచ్చాయి.

ఇప్పుడు యంత్రాలు వచ్చాయి కదా, ఇదంతా పాత కథ కదా అని మీలో కొందరు అనుకొంటూ ఉండవచ్చు. యంత్రం వచ్చాక నిజంగానే మేలు జరిగింది. పాలు పోసిన మనిషి ఎదుటే అంకె వెలుగుతుంది, చీటీ చేతికి వస్తుంది, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. అయితే కరెంటు పోయినప్పుడు, యంత్రం మొరాయించినప్పుడు చేత్తో కొట్టే అంకెలు ఉంటాయి. యంత్రాన్ని సరిచేసే తాళం లాంటి రహస్య సంఖ్య ఒకరి దగ్గర ఉంటుంది. సరిగా కడగని గొట్టంలో నిన్నటి పాల జిడ్డు ఉంటుంది. కదపకుండా పైపైన తీసిన శాంపిలు ఏ యంత్రంలో పోసినా తప్పే చెబుతుంది. కాబట్టి నెల సమావేశంలో మేము రెండు ప్రశ్నలు తప్పనిసరిగా అడుగుతున్నాము. ఈ నెలలో చేత్తో వేసిన అంకెలు ఎన్ని, ఏ కార్డుల మీద? యంత్రాన్ని గెర్బర్ పరీక్షతో పోల్చి చూసింది ఎప్పుడు? జవాబు పుస్తకంలో ఎక్కుతుంది. మొదటి ప్రశ్న అడిగిన మొదటి నెలలో వచ్చిన జవాబు మాకు అంత సంతోషం కలిగించలేదు. దాని గురించి మరొకసారి.

చట్టం విషయం క్లుప్తంగా చెబుతాము. మీలో కొన్ని సంఘాలు 1964 చట్టం కింద, కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరై ఉన్నాయి. ఏ చట్టమైనా పాలక వర్గం కంటె సర్వసభ్య సభే పెద్దది. 2011లో వచ్చిన రాజ్యాంగ 97వ సవరణలో డైరెక్టర్లు 21 మందికి మించరాదనీ, పదవీ కాలం 5 సంవత్సరాలనీ, మహిళలకు 2, షెడ్యూల్డు కులాలు లేదా తెగలవారికి 1 స్థానం ఉండాలనీ చెప్పారు. అయితే 2021 జూలైలో సుప్రీం కోర్టు, రాష్ట్ర శాసనసభల ఆమోదం తీసుకోనందున ఆ భాగం రాష్ట్రాల పరిధిలోని సంఘాలకు చెల్లదని తీర్పు ఇచ్చింది. ఒకటి కంటె ఎక్కువ రాష్ట్రాలలో పనిచేసే సంఘాలకు మాత్రం అది నిలిచింది. కనుక ఎవరైనా ఆ సవరణ పేరు చెప్పి మిమ్మల్ని తొందరపెడితే, మీ రాష్ట్ర చట్టం, మీ బైలా ముందు పెట్టి మాట్లాడండి.

ఆడవారి స్థానాల మాట వచ్చింది గనుక ఇదొకటి చెప్పాలి. ఆ సంఘటన జరిగిన మరుసటి ఎన్నికలలో ఆ సభ్యురాలిని నిలబడమని మేమే అడిగాము. "ఏడు గంటలకు మీటింగు పెడతారు. ఆ వేళకు గేదెను ఎవరు చూస్తారండీ, పిల్లలకు ఎవరు వండుతారు?" అన్నది. నిలబడలేదు. ఇన్నేళ్ళూ మేము రాత్రి పూట కూర్చొని, ఆడవాళ్ళు ముందుకు రావడం లేదని రాసుకొన్నాము. అప్పటి నుంచి సమావేశం పగలు 11 గంటలకు మార్చాము. పొద్దుటి పాలు వెళ్ళిపోయి, సాయంత్రం పాలకు ఇంకా వ్యవధి ఉంటుంది. ఇప్పుడు మా తొమ్మిదిమందిలో నలుగురు స్త్రీలు. వారు వచ్చాక సమావేశాలు కొంచెం పొడుగైనాయి. దూడల మందు ధర, దాణా బస్తా తూకం, కేంద్రం ముందు బురద లాంటివి ఇంతకు ముందు మా పుస్తకంలో ఎక్కని విషయాలు. దాణా బస్తా తూచి చూడమని పట్టుబట్టింది కూడా వారే. తూచాము. తరుగు వచ్చింది. ఆ బస్తాలు తిరిగి పంపాము.

మా సమయం అయిపోయిందని అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు. వచ్చేటప్పుడు తమ తమ సంఘాల తీర్మానాల పుస్తకాలు వెంట తెమ్మని ఉత్తరంలో రాశారు. చాలామంది తెచ్చినట్టు కనిపిస్తున్నది. భోజనాలయ్యాక అయిదుగురేసి కూర్చొని పుస్తకాలు మార్చుకొందాము. మీ పుస్తకం మీ పక్క ఊరివారు చదువుతారు, వారిది మీరు చదవండి. గడచిన ఆరు నెలల పేజీలు చాలు. సిరా రంగులు కూడా చూడండి. మా పుస్తకం మేమూ తెచ్చాము. ఆ 11 నెలల పేజీలు అందులో అట్లాగే ఉన్నాయి.

సెలవు.